జంట బండల దగ్గరి డబ్బా

మా మేనత్త బస్సు కండక్టరు. వారమంతా నిలబడి టికెట్లు కొట్టిన మనిషి సెలవు రోజైనా కాళ్లు చాపుకుని కూర్చోవాలి కదా. ఆవిడ మాత్రం నన్ను వెంటేసుకుని అడవిదారి పట్టేది.

ఆ ఆటను మేం డబ్బాల వేట అనేవాళ్లం. ఎవరో ఒకరు అడవిలో డబ్బా దాచి, ఆనవాళ్లు చీటీ మీద రాసి నలుగురికీ పంచుతారు. డబ్బాలో ఒక నోటుపుస్తకం, ఒక రబ్బరు ముద్ర ఉంటాయి. కనిపెట్టినవాళ్లు ఆ ముద్రను తమ పుస్తకంలో, తమ ముద్రను డబ్బాలోని పుస్తకంలో వేసి, డబ్బాను మళ్లీ అక్కడే దాచి రావాలి. అంతే. పందెం లేదు, బహుమతి లేదు.

అత్త ముద్ర పిచ్చుక. పెన్సిలు రబ్బరు మీద బ్లేడుతో తనే చెక్కుకుంది. నాకు చెప్పు బొమ్మ చెక్కిచ్చింది. "వెళ్లిన చోటల్లా చెప్పులు తెగ్గొట్టుకునేది నువ్వే కదే!" అని ఒకటే నవ్వు.

నా పన్నెండో ఏట మేమూ జంట బండల మధ్య ఒక డబ్బా దాచాం. పుస్తకం మొదటి పేజీలో మా పిచ్చుక, చెప్పు ముద్రలు వేశాం. తర్వాత నేను నర్సునయ్యాను. డ్యూటీలు, పిల్లలు, ఇల్లు. అడవి ఊసే మరిచిపోయాను. ఈమధ్య అత్త మోకాలికి ఆపరేషన్ అయింది. వరండాలో చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే విసుక్కుంది.

"నడిస్తే ఎక్కడికైనా చేరాలి గానీ ఈ అటూ ఇటూ ఏంటే? మన డబ్బా దగ్గరికి తీసుకెళ్లు."

"ముప్పై ఏళ్లయింది అత్తా, ఇంకా ఉంటుందా?"

"లేకపోతే లేదని చూసొద్దాం."

కాలు కుదుటపడ్డాక వెళ్లాం. గంట నడకకు మూడు గంటలు పట్టింది. బండల మధ్య చెయ్యి పెడితే తడిమట్టి తగిలింది. డబ్బా లేదు. అత్త రుమాలుతో మొహం తుడుచుకుంది. అనవసరంగా తీసుకొచ్చానేమో అనిపించింది.

తిరిగొస్తుంటే అడవి కాపలాదారు ఎదురై ఏం వెతుకుతున్నారని అడిగాడు. చెప్పగానే అతని మొహం వెలిగిపోయింది.

"పిచ్చుకమ్మ మీరేనా! వానకి కొట్టుకుపోతుంటే నేనే తీసి నా గదిలో పెట్టానండి. వెతుక్కుంటూ వచ్చినవాళ్లని పిలిచి ఇస్తున్నా."

అతని గదిలో మా డబ్బాతో పాటు నాలుగు పుస్తకాలున్నాయి. ఒకటి నిండగానే ఇంకొకటి తనే తెచ్చి పెట్టాడట. గుమ్మంలో కూర్చుని పేజీలు తిప్పాం. ఒకచోట గాలిపటం, పక్కనే గొడుగు. నాలుగేళ్ల తర్వాతి పేజీలో వాటి మధ్య బుల్లి చేప, కింద "మా పాప" అని రాసి ఉంది. ఇంకోచోట ఎవరో రాశారు: "పిచ్చుకగారూ, ఉద్యోగం పోయిన రోజున ఇక్కడికొచ్చాను. మధ్యాహ్నమంతా ఆ సంగతే గుర్తు రాలేదు."

అత్త దాన్ని నా చేత రెండుసార్లు చదివించుకుంది. కన్నీళ్లు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు.

"డబ్బా ఇక్కడే ఉంచమంటారా?" అడిగాడతను.

"వద్దు బాబూ, వెతుక్కోకపోతే ఆటేముంది? కాస్త ఎత్తులో పెడదాం. కొత్త చీటీ నేను రాస్తాను."

మళ్లీ బండల దగ్గరికెళ్తే, వాటి పైన పొడిగా ఉన్న తొర్ర అతనే చూపించాడు. డబ్బా పెట్టాక కాసేపు నసిగి, "అమ్మా, నాకూ ఒక ముద్ర చెక్కిస్తారా?" అన్నాడు.

"దానికేం! ఏం బొమ్మ కావాలి?"

అతను బుర్ర గోక్కున్నాడు. "ఇన్నేళ్లూ అందరివీ చూశానే గానీ, నాకేది బాగుంటుందో ఎప్పుడూ అనుకోలేదండి."

"ఆలోచించుకో. వచ్చే వారం మళ్లీ వస్తాం" అంది అత్త, నన్ను మాటవరసకైనా అడగకుండా.