సీసం బిళ్ల మీద వెండి రంగు

నేను ఒక రైల్వే కాటాని. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. అదేమీ నా గొప్పతనం కాదు, లోపలి స్ప్రింగు బిగింపు అలాంటిది. గుండ్రటి ముఖం, దాని మీద ఒక ముల్లు, కింద ఇద్దరు మనుషులు నిలబడేంత ఇనుప పలక. ఇదే నా రూపం. ఎక్కడో కొలిమిలో పోతపోసి, ఓడెక్కించి, చివరికి గరికపాలెం జంక్షన్ పార్సిల్ ఆఫీసులో నన్ను దించారు. దించిన కూలీలు తిట్టిన తిట్లే నేను నేర్చుకున్న మొదటి తెలుగు.

నేను తూచనిది లేదు. చేపల బుట్టలు, తమలపాకు కట్టలు, హార్మోనియం పెట్టెలు అన్నీ తూచాను. ఒకసారి నాటకాల కంపెనీవాళ్ళు భీముడి గదని ఎక్కించారు. చూడటానికి కొండంత ఉంది గానీ, తూస్తే వంకాయల సంచీకి సాటి రాలేదు. మామిడిపళ్ళ బుట్టలు బండెక్కినప్పుడు ఒక బరువూ, దిగినప్పుడు ఇంకో బరువూ ఉండేవి. దారిలో ఎండకి చిక్కిపోతాయని గుమాస్తాల సిద్ధాంతం. వాళ్ళ మూతుల మీద రసం ఆరకముందే ఆ సిద్ధాంతం చెప్పేవారు. పొట్ట పెరిగిన పోలీసు జవానొకడు రోజూ నా మీదెక్కి ఊపిరి బిగబట్టేవాడు. ఊపిరి బిగబడితే బరువు తగ్గుతుందని అతని నమ్మకం.

ఏటా తూనికల శాఖ వారు వచ్చి నన్ను పరీక్షించి, నా మెడ దగ్గరున్న సీసం బిళ్ల మీద ఆ ఏటి ముద్ర కొట్టి వెళ్ళేవారు. ఆ ముద్ర లేని కాటా మీద ఏదీ తూచకూడదు. నా పరువంతా ఆ బిళ్లలోనే ఉంది.

రైల్వేవాళ్ళకి ఒక ఆచారం ఉంది. పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడంటే కదలని ప్రతిదానికీ రంగేస్తారు, కదిలేదాన్ని ఆపి మరీ వేస్తారు. ఒకసారి కుళాయి మూతికి కూడా వేస్తే వారం రోజులు చుక్క నీరు రాలేదు. ఆ లెక్కన నా ఒంటి మీద ఎన్ని పొరలు పడ్డాయో నాకే తెలియదు.

ఆ రంగులకి పగవాడు ఒక్కడే, ముమ్మిడి కోదండపాణి గారు. రైల్వేలో పాత కాగితాలూ పాత సామాన్లూ భద్రపరిచే ఉద్యోగం ఆయనది. పైవాళ్ళు దాన్ని ఉద్యోగంగా లెక్కపెట్టేవారు కాదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అందరూ రంగు వేస్తే ఈయన జేబులో చాకు తీసి గీకేవాడు. కింద పోతపోసిన ఏడూ, చేసినవాళ్ళ పేరూ కనబడేదాకా వదిలేవాడు కాదు. నా వీపు గీకినప్పుడు నాకు చక్కిలిగిలి పుట్టింది. ఏడు చదివి, "ఏవమ్మా, మా తాతగారి ఈడుదానివే!" అన్నాడు. అప్పట్నుంచి నన్ను అమ్మా అనే పిలిచేవాడు. అధికారులెవరూ నన్ను అలా పిలవలేదు.

మా పార్సిల్ ఆఫీసు పక్కగదిలో ఆయన కాగితాలుండేవి. గరికపాలెం నుంచి నల్లవాగు దాకా ఒకప్పుడు చిన్న లైను నడిచేది. పట్టాలు పీకేశారు. స్టేషన్లలో ఇప్పుడు మేకలు కాపురం ఉంటున్నాయి. ఈ తరం వాళ్ళు అక్కడ అసలు రైలే నడవలేదంటారు. ఆ లైను కాగితాలన్నీ కోదండపాణి గారు షెడ్లలోంచీ, పదవీ విరమణ చేసిన గార్డుల అటకల మీంచీ ఏరి తెచ్చాడు. వాటిలో నవ్వొచ్చేవీ ఉన్నాయి. ఒక డ్రైవరు తన ఇంజను గేదెని గుద్దిన సంగతి నాలుగు పేజీలు రాసి, తప్పంతా గేదెదేనని తేల్చాడు. నవ్వు రానివీ ఉన్నాయి. నల్లవాగు వంతెన కట్టేటప్పుడు వరదలో కొట్టుకుపోయిన కూలీల పేర్లు ఆ కాగితాల్లో తప్ప ఇంకెక్కడా లేవు. అప్పుడప్పుడు ఆయన వాటిని పైకి చదివేవాడు. వినేది నేనొక్కదాన్నే.

ఒక ఏడు జనరల్ మేనేజరు తనిఖీకి వస్తున్నాడన్నారు. మా ఆఫీసరు ఆ గది తలుపు తీసి ముక్కు మూసుకున్నాడు. చిత్తుకాగితాల గంగరాజుకి కబురు పెట్టి, తనిఖీకి ముందురోజే తూకం వేసి పంపించెయ్యమన్నాడు. కోదండపాణి గారు బతిమాలితే, "బూజు కూడా చరిత్రేనా మాస్టారూ?" అని నవ్వాడు.

ఆ ముందురోజు పొద్దున్నే, ఎవరూ రాకముందు, కోదండపాణి గారు వచ్చాడు. చేతిలో పెయింటర్లు వదిలిపోయిన వెండి రంగు డబ్బా, కుంచె ఉన్నాయి. నాకు అంతకు ముందురోజే రంగు వేశారు. సీసం బిళ్ల మాత్రం పద్ధతి ప్రకారం వదిలేశారు. ఆయన కాసేపు దాని వంకే చూశాడు. "ఏమీ అనుకోకమ్మా" అని, ఆ బిళ్ల మీద దట్టంగా రంగు పులిమాడు. జీవితమంతా రంగు గీకిన మనిషి! నాకు ఒళ్ళు మండిపోయింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు గానీ, ఇక్కడ మాసిపోయింది నా ముద్ర.

గంగరాజు గోనెసంచులతో దిగాడు. మొదటి కట్ట నా మీద పెట్టబోతుంటే కోదండపాణి గారు ఆఫీసరు వంక చూసి మెల్లగా దగ్గాడు.

"ముద్ర చూసుకున్నారాండీ? ముద్ర లేని కాటా మీద రైల్వే సరుకు తూస్తే ఆడిట్‌వాళ్ళు నన్నడగరండి, మిమ్మల్నే అడుగుతారు."

ఆడిట్ అనేసరికి ఆఫీసరు నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఏదయ్యా ముద్ర?"

"రంగు కిందుంటాదండీ," అన్నాడు గంగరాజు. "చాకుంటే ఇలాగిచ్చెయ్యండి, గీకేత్తాను."

"గీకుతావా! నిన్న వేసిన రంగు. రేపు జీఎం గారికి గీతలు చూపించమంటావా?"

కోదండపాణి గారి జేబులో చాకు ఉంది. ఆయన చెయ్యి అటు వెళ్ళలేదు.

"పోనీ నా కాటా అట్టుకొచ్చేత్తానండీ."

"నీ కాటాని మీ ఆవిడే నమ్మదు. నోర్మూసుకో."

ఆఫీసరు తల పట్టుకున్నాడు. తూస్తే ఆడిట్, తూచకపోతే తనిఖీ. అప్పుడు కోదండపాణి గారు, తనకేమీ పట్టనట్టు, కట్టలు వరసగా పేర్చి గుమ్మం మీద చరిత్ర గది అని బోర్డు పెడితే చెత్తలా కనబడదన్నాడు. మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది ఆఫీసరుకి. మధ్యాహ్నానికల్లా బోర్డు వచ్చింది. దానికీ రంగేశారు.

మర్నాడు జనరల్ మేనేజరు గుమ్మంలో ఆగి, గోడకి తగిలించిన నల్లవాగు వంతెన పటాన్ని చూసి "గుడ్" అని వెళ్ళిపోయాడు. ఆ ఒక్క మాట తనిఖీ నివేదికలోకి ఎక్కింది. ఇక ఆ గదిని ముట్టుకునే మగాడెవడు? ఆఫీసరుకి ప్రశంసాపత్రం వచ్చింది. కోదండపాణి గారికి గది దక్కింది, అదే చాలనుకున్నాడు.

దెబ్బంతా నాకే తగిలింది. రంగు గీకితే తన గుట్టు బయటపడుతుందని కోదండపాణి గారు చాకు తియ్యలేదు. ముద్ర లేనిదాన్నని నన్ను పనిలోంచి తీసేసి కరెంటు కాటా తెచ్చారు. పాత ఇనుములోకి పోవలసినదాన్ని, కోదండపాణి గారు ఆ గదిలోకే లాక్కుపోయాడు. నా ముందు కూర్చుని చీటీ రాశాడు. రుజువు లేకుండా ఒక్క తేదీ కూడా రాయని మనిషి, నా వంక చూడకుండా, ముద్ర లేని పాత కాటా, పని చేయదు అని రాసి నా మెడకి కట్టాడు.

ఆయన్ని నేను చాలాకాలం క్షమించలేదు. బళ్ళోంచి పిల్లలొచ్చి నా మీద గెంతుతారు. నేను చక్కగా, గ్రాము తేడా లేకుండా చూపిస్తాను. చీటీ చదివి, తప్పు చూపిస్తోందని నవ్వుకుంటారు. కోపం రాదా మరి?

మొన్నామధ్య ఒక ఆడమనిషి వచ్చింది. కూలీల పేర్ల కాగితం మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుకుంటూ పోయి, ఒక చోట ఆపేసింది. చాలాసేపు వేలు తియ్యలేదు.

ఎదురుగా ఉన్న ఆ కట్టలన్నీ కలిపి ఎంత తూగేవో నాకు తెలియదు. తూచడానికే పుట్టినదాన్ని. అయినా తెలుసుకోవాలని లేదు.