కర్రిగాడి జవాబు

మా ఇంటి ఓనర్ మల్లికార్జున్ సారుకు బండలు కోసే మిషన్ చప్పుడు వినబడదు. ఎందుకంటే అది ఆయనదే. తాండూరులో మా వీధి చివరే ఆయన పాలిషింగ్ యూనిట్. పొద్దున మొదలైతే చీకటి పడేదాకా కీచుమంటూనే ఉంటుంది, తాగే టీ మీద కూడా తెల్లటి దుమ్ము తేలుతుంది. అంత రొదలోనూ ఆయన చెవిని పట్టుకునేది ఒక్కటే, మా కర్రిగాడి అరుపు.

"దేవికా, నీ కుక్క దినాం మొరుగుతున్నది. పైన సుశాంత్ సారు బ్యాంకు నుంచి వచ్చి జర నడుం వాలుద్దామంటే వాల్చనిస్తలేదట. ఒకటో తారీఖుకల్లా కుక్కనన్న పంపు, ఇల్లన్న ఖాళీ చెయ్" అన్నాడు మెట్ల దగ్గర నన్ను ఆపి.

సుశాంత్ సారుకూ కుక్క ఉంది. తెల్లగా, బొచ్చుబొచ్చుగా, నెత్తిన రిబ్బన్‌తో ఉంటుంది. బెల్ మోగినా, కుక్కర్ విజిల్ వేసినా, గాలికి తలుపు కదిలినా మొరుగుతుంది. అది ఎదురైతే మల్లికార్జున్ సారు వంగి "బేటా" అని పిలుస్తాడు. మావాడు ఎదురైతే "గొర్ల కుక్క" అని పక్కకు జరుగుతాడు. నిజమే, వాడు గొర్ల కుక్కే. ఉన్న మాటనే ఆయన తిట్టులాగా అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది.

కర్రిగాడు మా నాయిన బీరన్న మందలో పుట్టి పెరిగాడు. మాది పెద్దేముల్ పక్క ఊరు, గొర్రెలు కాసే ఇల్లు. పోయిన వానాకాలం అడవిపంది మంద మీదికొస్తే వీడు అడ్డం పడ్డాడు. గొర్రెలు బతికాయి, వీడి వెనక కాలు పనికిరాకుండా పోయింది. వచ్చే ఎండాకాలం మంద కర్ణాటక వైపు కదిలితే వీడు నడవలేడు. నడవలేని కుక్కను ఊళ్లో వదిలేసి పోయే అలవాటు మా ఇంట్లో లేదు. అందుకే నాయిన వాడిని గొంగడిలో చుట్టుకొచ్చి నా గదిలో దింపి, "నీ దగ్గర ఉండనియ్ బిడ్డా" అన్నాడు.

నేను వికారాబాద్‌లో రక్తపరీక్షలు చేసే ఒక ల్యాబులో పనిచేస్తాను. పొద్దున రైలెక్కితే మళ్లీ సాయంత్రమే రావడం. కుంటివాడు ఒక్కడే ఎట్లా ఉంటాడోనని గదిలో కెమెరా పెట్టాను. మధ్యాహ్నం డబ్బా విప్పి, ఒక చేత్తో అన్నం తింటూ ఇంకో చేత్తో ఫోన్ తెరిచేదాన్ని. కర్రిగాడు చల్లటి బండల మీద చెడ్డకాలు చాపుకొని నిద్రపోతూ కనిపించేవాడు. ఎప్పుడు చూసినా అంతే. నాయినకూ చూడాలని ఉందంటే ఆ కెమెరా యాప్‌ను ఆయన ఫోన్లో కూడా ఎక్కించి, ఎట్లా తెరవాలో నేర్పాను. "చూసుడే నాయినా, ఇంకేం ఒత్తకు" అని మరీ చెప్పాను.

అందుకే ఓనర్‌తో ధీమాగా అన్నాను. "మా వాడు మొరగడు సార్. కెమెరాల అంతా ఎక్కుతది. మీరే చూడుండ్రి."

"అందరి ముంగటనే చూపియ్" అన్నాడు ఆయన.

ఆదివారం సాయంత్రం మెట్ల కింద అందరూ చేరారు. సుశాంత్ సారు రిబ్బన్ కుక్కను చంకనేసుకొని వచ్చాడు. ముందుగా నేనొక్కసారి చూసుకోవాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు, అంత నమ్మకం. ఫోన్ ఓనర్ చేతికిచ్చి, ముందురోజు రికార్డింగ్ పెట్టి, వేగంగా జరుపుతూ పోయాను. కర్రిగాడు పడుకున్నాడు. లేచి నీళ్లు తాగాడు. మళ్లీ పడుకున్నాడు. "చూసిండ్రా" అన్నాను.

"ఆగు, సాయంత్రం వరకు పోనియ్" అన్నాడు ఓనర్.

పోనిచ్చాను. కిటికీ ఎండ గోడెక్కే వేళకు కర్రిగాడు దిగ్గున లేచాడు. కాలు ఈడ్చుకుంటూ వచ్చి, కెమెరా ముందు చెవులు నిక్కించి కూర్చున్నాడు. అప్పుడు కెమెరాలోంచి గొంతొచ్చింది.

"హూ... య్యో... కర్రిగా... అందరు వచ్చిండ్రా రా?"

మా నాయిన గొంతు. కర్రిగాడు మోర పైకెత్తి, వీధంతా వినబడేలా జవాబు చెప్పాడు. అక్కడి నుంచి మళ్లీ కేక, ఇక్కడి నుంచి మళ్లీ జవాబు. కాసేపు ఇద్దరూ అట్లా మాట్లాడుకున్నారు.

మెట్ల కింద అందరూ పగలబడి నవ్వారు. "కుక్కకు డైలీ కాల్ వస్తదన్న మాట" అన్నాడు సుశాంత్ సారు. "సాక్ష్యం నువ్వే తెస్తివి. ఇగ మాట్లాడేదేమున్నది" అంటూ ఓనర్ ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

వాళ్లకు అది నవ్వులాట. నాకు తెలుసు అదేమిటో. పొద్దు వాలే వేళ మందను మళ్లించేటప్పుడు నాయిన మిట్ట మీద నిలబడి కేకేస్తాడు. మంద వెనకాల, చెట్ల మాటున ఉన్న కుక్క అరిచి జవాబు చెప్పాలి. చెప్పిందంటే అవతల గొర్రె ఏదీ మిగల్లేదని అర్థం. జవాబు రాకపోతే నాయిన అడుగు కదపడు, చీకటి పడినా సరే వెతుక్కుంటూ పోతాడు. కర్రిగాడి జవాబు లేకుండా మందను దొడ్డికి తోలడం ఆయనకు చేతకాలేదు. మైకు గుర్తు ఒత్తితే ఇక్కడికి వినబడుతుందని తనకు తానే కనిపెట్టి, ఈ వారం మొదలు దినాం పిలుస్తున్నాడు. కుక్క జవాబు తనకొక్కడికే కాక వీధంతటికీ వినబడుతుందని ఆయనకు తోచలేదు. ఆ వేళకు నేను రైల్లో ఉంటాను. నిలబడేందుకే చోటుండదు, ఫోన్ తీసే పని పెట్టుకోను.

ఫోన్ చేసి సంగతి చెప్పాను. మర్నాడు పొద్దున్నే నాయిన ఆటోలో దిగాడు. నా గదికి కూడా రాకుండా తిన్నగా ఓనర్ గుమ్మం ముందు నిలబడ్డాడు.

"తప్పైంది సారూ. ఎరకలేక చేసిన. ఇగ పిలువ. నా బిడ్డను ఇంట్లకెళ్లి ఎల్లగొట్టకుండ్రి" అంటూ రెండు చేతులూ ఎత్తబోయాడు.

ఆ చేతులు కలవకముందే పట్టుకొని కిందికి దింపాను.

"తప్పేంది నాయినా? నీ కుక్కను నువ్వు పిలిచినవ్, అది పలికింది." ఓనర్ వైపు తిరిగాను. "సార్, మా వాడు సాయంత్రం ఓ జరసేపు మొరుగుతడు. మొన్న నేను మొరగడన్నది అబద్ధమైంది, ఒప్పుకుంట. పైనున్న తెల్లది దినమంతా మొరుగుతది, దాన్ని మీరు బేటా అంటరు. మీ మిషన్ దినమంతా మొత్తుకుంటది, దాన్ని ఎవరూ ఏమనరు. ఆ రెండింటికి లేని రూలు మా వానికొక్కనికే ఎందుకు?"

"నా ఇల్లు, నా ఇష్టం. నువ్వు ఖాళీ చెయ్."

"చెయ్య సార్. కుక్కలు వద్దంటే అన్ని కుక్కలు వద్దనుండ్రి, అప్పుడు చేస్త. గొర్ల కుక్క వద్దంటే మాత్రం కదల."

పైన తలుపు మెల్లగా మూసుకున్న చప్పుడైంది. ఓనర్ ముఖం ఎర్రబడింది. "ఒకటో తారీఖు రానియ్, చూస్త" అని లోపలికి వెళ్లిపోయాడు.

నాయిన మాత్రం బెదిరిపోయాడు. ఆటో ఎక్కుతూ "కుక్క కోసం ఇల్లు పోగొట్టుకోకు బిడ్డా. ఆ కెమెరాది నా ఫోన్లకెళ్లి తీపిచ్చేస్త. కర్రిగాడు రెండు దినాలు చూస్తడు, మరుస్తడు" అన్నాడు. నేనెంత చెప్పినా వినలేదు.

ఆ రోజు సాయంత్రం రైలు ధారూర్‌లో ఆగింది. జనం మధ్యలో ఎట్లాగో మోచేతులు విడిపించుకొని ఫోన్ తెరిచాను. కర్రిగాడు కెమెరా ముందే కూర్చొని ఉన్నాడు. చెవులు నిక్కి ఉన్నాయి. గొంతు రాలేదు. కొంచెం ముందుకు జరిగాడు. ఇంకా జరిగాడు, తెరంతా వాడి ముక్కే అయింది. తలుపు వైపు చూశాడు, మళ్లీ కెమెరా వైపు చూశాడు. పడుకోలేదు. వాడి లెక్కలో మంద ఇంకా ఇల్లు చేరలేదు.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నవ్వినవాళ్ల మీద, బేటా అన్న నోటి మీద, చేతులు జోడించబోయిన నాయిన మీద కూడా వచ్చింది. మైకు గుర్తు మీద వేలు పెట్టాను. చదువుకని ఊరు దాటినప్పటి నుంచి ఆ కేక నా నోట రాలేదు. నలుగురిలో వేసే కేక కాదది.

"హూ... య్యో... కర్రిగా... అందరు వచ్చిండ్రా రా?"

పెట్టె మొత్తం నా వైపు తిరిగింది. కూరగాయల గంప పక్కన కూర్చున్న ముసలమ్మ "ఏమైందే బిడ్డా" అని లేవబోయింది. ఫోన్లో కర్రిగాడు ఎగిరి నిలబడ్డాడు. మూడు కాళ్ల మీదే నిలబడి, మోరెత్తి, గది దద్దరిల్లేలా జవాబు చెప్పాడు. చెప్పి, ఒళ్లు దులుపుకొని, పోయి బండల మీద పడుకున్నాడు.

రైలు కదిలిందో లేదో ఓనర్ ఫోన్ చేశాడు.

"దేవికా, నీ కుక్క మల్ల మొరిగింది."

"అవ్ సార్. ఇయ్యాల నేనే పిలిచిన. రేపు గూడ గిదే యాళ్లకు."

ఆయన ఇంకేదో అంటుండగానే పెట్టేసి, నాయినకు చేశాను. వెనకాల గొర్రెల గంటలు వినబడుతున్నాయి. మందను ఇంకా తోలలేదు.

"నాయినా, కర్రిగాడు జవాబు చెప్పిండు, అందరు వచ్చిండ్రట. మందను తోలుకపో. రేపు ఆ ఫోన్ల మల్ల ఎక్కిపిచ్చుకో, నువ్వే పిలువు."

"ఇల్లు పోతది బిడ్డా."

"పోతే ఇంకో ఇల్లు దొరుకుతది నాయినా. పిలిస్తే పలికెటోడు దొరుకుతడా?"

అవతల నాయిన గొర్రెలను అదిలించడం వినబడింది, గంటలు కదిలాయి.