ఇరవై ముగ్గురి నంబర్లు

పంజాగుట్టలో విమాన కంపెనీ ఆఫీసు అద్దాల తలుపు ముందు భూలక్ష్మి సూట్‌కేసును సెక్యూరిటీ గార్డు బూటు కాలితో తన్నాడు. చక్రం ఊడి, మెట్ల మీదుగా దొర్లి, రోడ్డు మీద పడింది. రబియా కళ్లారా చూసింది.

"సామాన్లతోటి లోపలికి రావద్దు. ఇదేమన్న బస్టాండా?"

"ఇమానం ఎక్కనియ్యకపోతిరి, సామాను నీ నెత్తి మీద పెట్టాల్నా?" అంది భూలక్ష్మి.

పొద్దున ఏడింటికి మస్కట్ పోవాల్సిన విమానం రద్దయింది. ఎయిర్‌పోర్టు కౌంటర్లో టీ నీళ్లు కూడా పోయలేదు, పంజాగుట్ట ఆఫీసుకు పొమ్మన్నారు. ఇళ్లలో పనికి పోయే ఆడవాళ్లు, మేస్త్రీలు, డ్రైవర్లు, మొత్తం ఇరవై ముగ్గురు. అందరూ అమీర్‌పేటలో ట్రావెల్ ఏజెన్సీ నడిపే అఫ్జల్ దగ్గరే టికెట్లు కొన్నారు.

రబియా మాత్రం పనికి పోవడం లేదు. ఆమె భర్త బాబూ మియా మస్కట్‌లో లారీ నడుపుతూ స్టీరింగ్ మీదే కూలిపోయాడు. నాలుగు రోజులుగా ఆసుపత్రిలో ఉన్నాడు. నిన్న ఒక్కసారి కళ్లు తెరిచి, "రబియా వచ్చిందా?" అని అడిగాడట. ప్రాణం ఉండగా అతని ముఖం చూడాలి. ఆమెకు కావాల్సింది అంతే.

మేనేజర్ కామరాజు బయటికొచ్చాడు. "చూడండమ్మా, రెండ్రోజుల ముందే, మూడో తారీఖునే మెసేజ్ పంపాం. మీరు చూసుకోకపోతే మేమేం చేస్తాం? నాలుగు రోజులాగండి, సీట్లిస్తాం."

"ఎవరికి పంపిండ్రు సార్?" అని అడిగింది రబియా.

"టికెట్ మీదున్న నంబరుకి."

ఇరవై మూడు టికెట్ల మీదా ఉన్నది అఫ్జల్ నంబరే! వాళ్లే వేయించుకున్నారు. గల్ఫ్ పోతే ఇక్కడి సిమ్ము ఆగిపోతుంది, మెసేజ్ ఇంగ్లీషులో వస్తుంది, ఎందుకొచ్చిన గోల అనుకున్నారు. "నాకు చదువురాదు, నీదే వెయ్యి భాయ్," అని రబియా కూడా తన నోటితోనే అంది.

రబియా కుట్టు దుకాణం పైన హాస్టల్లో ఉండి, మైత్రీవనంలో కోచింగ్ తీసుకుంటున్న చంద్రిక, రబియా బ్యాగు మోస్తూ పొద్దుటి నుంచీ వెంటే ఉంది. ఫోను తీసి రూల్స్ చదివింది. "చెప్పకుండ రద్దు చేస్తే వేరే విమానం ఇయ్యాలె, లేకుంటే డబ్బులు వాపస్ ఇయ్యాలె. పరిహారం సుత. గివి మీ దయ కాదు సార్, మా హక్కులు."

"మెసేజ్ అందనివాళ్లకమ్మా ఆ హక్కులు," అని నవ్వాడు కామరాజు.

ఫోను చేస్తే అఫ్జల్ బండి మీద వచ్చాడు. బండి దిగకముందే జనం కాలర్ పట్టుకున్నారు.

"ఎల్లుండితోని నా వీసా ఖతం! నీ దుకాణం మండ!" అని అరిచింది భూలక్ష్మి.

అఫ్జల్ ఒక్కసారి కామరాజు వైపు చూసి తల దించుకున్నాడు.

కామరాజు రబియాను లోపలికి పిలిచి ఒక కాగితం పెట్టాడు. "మీ పరిస్థితి తెలిసిందమ్మా. రేపు పొద్దున ఒక్క సీటుంది. సంతకం పెట్టండి, టికెట్ ఇప్పుడే ఇస్తా."

చంద్రిక గబగబా లోపలికి దూరి కాగితం లాక్కుని, బయటికీ వినబడేలా చదివింది. "మూడో తారీఖునే నాకూ, నాతో టికెట్ తీసుకున్న వాళ్లందరికీ సమాచారం అందింది."

తలుపు దగ్గర గుంపు కదల్లేదు. చివరికి భూలక్ష్మే అంది. "పో అక్కా. సంతకం పెట్టి పో. మా తిప్పలు మేం పడ్తం."

రబియా పెన్ను తీసుకుంది. రబియా వచ్చిందా, రబియా వచ్చిందా... చెవుల్లో అదే మాట.

"నా ఒక్కదాని అబద్ధమైతే పెట్టెదాన్నే సార్. అల్లా మాఫ్ చేస్తుండె. గీ ఇరవై రెండు మంది నోట్లె మన్ను కొట్టి పోతె, ఆయన కళ్లు తెరిచినంక ఏం చెప్పాలె?"

పెన్ను బల్ల మీద పెట్టేసింది.

అప్పుడు అఫ్జల్ గుంపును తోసుకుని ముందుకొచ్చాడు. ఫోను పైకెత్తాడు. "మూడో తారీఖు కాదు! గీ పొద్దుగాల అయిదు పదికి వచ్చింది మెసేజ్. అప్పటికే మీరంత ఎయిర్‌పోర్ట్ లైన్ల ఉన్నరు. నోరు తెరిస్తె నా ఏజెన్సీ బంద్ చేస్తమని గీ కంపెనీ వాళ్లే అన్నరు. భయపడ్డ."

"గిప్పుడా చెప్పేది? థూ!" అంది భూలక్ష్మి.

"హౌ అమ్మా, ఉమ్మెయ్యి. కాని ముందు ఫొటో తీస్కోండి."

ఇరవైకి పైగా ఫోన్లు ఒక్కసారే లేచాయి. కామరాజు ముఖం పాలిపోయింది. తప్పు ఒప్పుకునే మాట మాత్రం రాలేదు. అతను పోలీసులకు ఫోను చేశాడు. జనం తలుపుకు అడ్డంగా సూట్‌కేసులు వేసుకుని కూర్చున్నారు. మోచేతులు పెనవేసుకుని కూర్చున్న వాళ్లను పోలీసులొచ్చి ఒక్కొక్కరినే విడదీసి వ్యాన్లో పడేశారు. అఫ్జల్ తనే ఎక్కాడు.

ఠాణాలో మెసేజ్ ఫొటో చూసి ఎస్సై రిజిస్టరు తెరిచాడు. "కంపెనీ మీద మీ ఫిర్యాదు రాస్కుంటం. మీ లీడరెవరు? ఒక్క పేరు, ఒక్క నంబర్ చాలు."

"ఒక్క నంబర్‌తోనే మునిగినం సార్," అంది భూలక్ష్మి. "ఎవల నంబర్ వాళ్లదే రాయండి."

ఎస్సై విసుక్కున్నాడు. ఎవరూ కదల్లేదు. చివరికి రాయడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కరూ లేచి తన పేరు, తన నంబరు చెబుతున్నారు. కొందరికి తమ నంబరే తెలియదు, వాళ్ల ఫోన్ల నుంచి చంద్రిక తనకు మిస్డ్ కాల్ ఇచ్చుకుని చదివి చెప్పింది. సాయంత్రం నాలుగు దాటింది. రబియా వంతు చివరిది.

సగం అంకెలు చెప్పిందో లేదో, చేతిలో ఫోను మోగింది. మస్కట్ నంబరు.

ఆమె విన్నది. గోడను ఆనుకుని మెల్లగా కిందికి జారింది. భూలక్ష్మి వచ్చి గట్టిగా పొదివి పట్టుకుంది. అందరికీ అర్థమైంది. పొద్దున విమానం లేచి ఉంటే పదకొండింటికల్లా రబియా తన భర్త మంచం పక్కన ఉండేది. అతను చూసేవాడు. వచ్చిందని తెలిసేది!

ఎస్సై రిజిస్టరు మూయబోయాడు. "చాలమ్మా. ఇరవై రెండు అయినయి. నువ్వు ఇంటికి పో."

రబియా లేచి నిలబడింది. చున్నీతో ముఖం తుడుచుకుంది.

"మూయకు సార్. పూర్తిగ రాయి."

మిగిలిన అంకెలు ఒక్కొక్కటే, గదంతా వినబడేలా చెప్పింది.