నాలుగో శనివారం

మూడు కుట్లే అన్నాడు డాక్టరు, మూడంటే ఏమీ కానట్టు, మత్తుసూది పనిచేసేలోపు రాజీ ఎంత ఏడ్చిందో ఆయనకేం, రోజూ వినే ఏడుపే, ఇప్పుడు నా ఒళ్ళో నిద్రపోతోంది, గడ్డం మీద తెల్లటి కట్టు, నోరు కొంచెం తెరుచుకుని, ఆరేళ్ళ పిల్ల ఇంత బరువుంటుందా, లేక ఈ మధ్య నేను ఎత్తుకోనే లేదా, బెంచీ మీద పక్కన అత్తయ్య, రక్తం అంటిన చీర చెంగును వేళ్ళ మధ్య నలుపుతూ, నావైపు చూడకుండా, కోడలు వాసంతి ఆఫీసులో ఉందండీ, బస్సుల్లేక రావడం ఆలస్యమైంది అని ఇందాక డాక్టరుతో చెప్పింది, ఆయన తలూపాడు, ఆఫీసు అనగానే అందరూ తలూపుతారు, ఆ మాట వింటుంటే నాకు నేలలోకి కుంగిపోవాలనిపించింది, ఎందుకంటే నేను ఆఫీసులో లేను, ఇవాళ అసలు ఆఫీసే లేదు, బంద్ అని నిన్ననే మెయిల్ వచ్చింది, నేను సైకిల్ నేర్చుకుంటున్నాను.

ముప్ఫై నాలుగేళ్ళ ఆడదానికి సైకిలేమిటని నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు, పూనాలో ప్రాజెక్టు మీద ఉన్న పార్థసారథికి కూడా, రాత్రి ఫోన్లో రాజీ తిన్నదా, పడుకుందా అంటాడు, నేను ఏం చేశానని అడగడు, అడిగితే చెప్పేదాన్నేమో, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది, స్కూళ్ళు మూశారు, బస్సులు ఆగాయి, మాదాపూర్లో మా ఆఫీసు గేటు దగ్గర కాపలా ఉండే సరిత బోరబండ నుంచి మొగుడి సైకిల్ మీద రావడం మొదలుపెట్టింది, ఒక శనివారం పనికి వెళ్ళి తిరిగొస్తూ గోడకి ఆనించిన ఆ సైకిల్ దగ్గర ఎందుకు ఆగానో తెలియదు, నాకు రాదు అన్నాను, ఎందుకు రాదు మేడం, వస్తది, కూసోండ్రి అంది, వెనక సీటు పట్టుకుంది, ఆ తర్వాత ప్రతి శనివారం ఇంట్లో ఆఫీసు పని అని అబద్ధం, తెల్లవారుజామున నాలుగున్నర నుంచి పడుకునేదాకా నా గంటలన్నిటి మీదా ఎవరో ఒకరి పేరుంటుంది, పాలు, క్యారేజీ, టెస్టింగు, రాజీ జడలు, అత్తయ్య బీపీ మాత్ర, ఈ రెండు గంటలకి మాత్రం ఏ పేరూ లేదు, అందుకే దొంగసొమ్ములా దాచుకున్నాను.

ఇవాళ నాలుగో శనివారం, పొద్దున్నే దొరికిన ఒకే ఒక్క ఆటో పట్టుకుని వెళ్ళాను, ఆఫీసు వెనక రోడ్డు మొత్తం ఖాళీ, అంతంత అద్దాల భవనాల మధ్య ఒక్క కారు లేదు, సరిత గేటు దగ్గర కుర్చీలోంచే, ముందట సూడుండ్రి, కిందికి కాదు అంటోంది, ఉన్నట్టుండి తెలిసింది, ఎవరూ పట్టుకోలేదు, నేనే వెళుతున్నాను, చెవుల్లో గాలి, నాకు నవ్వొచ్చింది, ఆ చివరిదాకా వెళ్ళి మలుపు తిరిగి మళ్ళీ వెళ్ళాను, అప్పుడు నాకు కూతురుందని గుర్తు లేదు, ఇదే, ఇదే నన్ను తినేస్తోంది, అబద్ధం కాదు, ఫోన్ మోగకుండా సంచిలో పడేయడం కూడా కాదు, పావుగంటసేపు నేను ఎవరి తల్లినీ కాను, సరిగ్గా ఆ పావుగంటలోనే రాజీ మా మెట్ల మీద బంతి వెంట పరిగెత్తి గడ్డం పగలగొట్టుకుంది, ఫోన్ చూస్తే పదకొండు కాల్స్, తిరిగి చేస్తే అత్తయ్య, రాజీ పడింది, ఇంటి దగ్గర ఆసుపత్రిలో ఉన్నాం, రా అని పెట్టేసింది.

ఆటోల్లేవు, క్యాబుల్లేవు, రోడ్డుకి రెండువైపులా చూస్తుంటే సరిత సైకిల్ నా చేతికిచ్చింది, నడుసుకుంట పోత నేను, బోరబండ ఎంత దూరం అంది, నా పాప పడింది సరితా, నేనిక్కడ ఆడుకుంటున్నాను అన్నాను, తన పెద్దవాడు నిరుడు చాయ్ మీద పోసుకుని చెయ్యి కాల్చుకున్నాడని చెప్పింది, నేను డ్యూటీల ఉన్న, మా అత్త ఇంట్లనే ఉన్నది, పిల్లలు ఎవ్వలున్నా పడ్తరు మేడం, ఫికర్ జెయ్యకుండ్రి, పోండ్రి అంది, రెండు వీధులు దాటి తొక్కినదాన్ని కాదు, కొత్తగూడ దాటాను, గచ్చిబౌలి దగ్గర రోడ్డుకడ్డంగా రాళ్ళు, గులాబీ కండువాలు, డప్పులు, ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు, మా పాపకి దెబ్బ తగిలిందండీ అన్నాను, ఆ అండీ నోట్లోంచి వచ్చాక గాని తెలియలేదు, నా ఆంధ్రా యాస విని అందరూ నావైపు తిరిగారు, వెనకనుంచి ఒక పెద్దావిడ, బిడ్డ తల్లిరా, తొవ్వ ఇయ్యుండ్రి అంది, చెయ్యడ్డం పెట్టినాయనే సైకిల్ ఎత్తి రాళ్ళకి అవతల దింపాడు, పైలం అమ్మా అన్నాడు, యూనివర్సిటీ గోడ పక్కన ఒకసారి పడ్డాను, మోకాలు చీరుకుపోయింది, లేచి తొక్కాను, మా ఇల్లున్న నల్లగండ్ల దాకా ఏడుస్తూనే తొక్కాను, ఇంకెప్పుడూ ఎక్కను, ఇంకెప్పుడూ నాకోసం ఎక్కడికీ వెళ్ళను అని మొక్కుకుంటూ.

ఈ మొక్కు ఎవరికి, రాజీ అడగలేదు, ఇందాక కళ్ళు తెరిచి అమ్మా వచ్చావా అని మళ్ళీ నిద్రపోయింది, అంతే, అత్తయ్య ఇంకా చెంగు నలుపుతూనే ఉంది, నా తరఫున ఆవిడ చెప్పిన ఆఫీసు మాట మా ఇద్దరి మధ్యా కూర్చున్నట్టుంది, ఇక మోయలేను, అత్తయ్యా, నేను ఆఫీసుకు వెళ్ళలేదు అన్నాను, తెలుసు అంది, తెలుసా అన్నాను, నీ సెల్లు ఎత్తకపోతే మీ ఆఫీసుకు చేశాను, ఇవాళ మూసేశామమ్మా, ఎవరూ రాలేదు అన్నారు, మరి డాక్టరుతో అలా చెప్పారేం, పరాయివాళ్ళకెందుకు మన సంగతి, రాజీ తల నిమిరి, దీనికి రక్తం కారుతోంది, ఇది నా కళ్ళముందే ఉంది, బంద్ రోజున నువ్వెక్కడున్నావో తెలియలేదు, నీకోసమే ఎక్కువ భయపడ్డాను అంది, అప్పుడు చెప్పాను, నాలుగు శనివారాలూ, గాలి, నవ్వు, పాప గుర్తు రాకపోవడం కూడా, నవ్వుతుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను, నా మోకాలి మీది దుమ్ము తడిచెయ్యితో తుడిచింది, ఎందుకెళ్ళావని నేనడగనమ్మా, ఎక్కడున్నావో చెప్పి వెళ్ళు అంది.

రాజీ ఊపిరి నా చేతికి వెచ్చగా తగులుతోంది, నిన్న పడి ఉంటే నేను ఆఫీసులో ఉండేదాన్ని, అప్పుడూ మూడు కుట్లే పడేవి, నేనూ డాక్టరులాగే తలూపి నన్ను నేను క్షమించుకునేదాన్ని, పనిలో ఉంటే లేని తప్పు సంతోషంగా ఉంటే ఎక్కణ్ణుంచి వచ్చింది, పాపని మరిచిపోయాను, నిజమే, మరిచిపోయినదాన్నే ఈ తోవంతా తొక్కుకుంటూ వచ్చాను, ఆ రెండూ ఒక్క మనిషే చేసింది, అబద్ధం చెప్పడం తప్పు, ఫోన్ మోగకుండా చెయ్యడం తప్పు, అవి దిద్దుకుంటాను, ఆ పావుగంట మాత్రం నేను రాజీ దగ్గర దొంగిలించలేదు, ఎవరి దగ్గరా దొంగిలించలేదు, అది నాదే.