గవాచి లేని వంటిల్లు

"పొగ రాకుండా మండితే అది దీపమయితాది గానీ, పొయ్యెట్లయితాదే!" అని లక్ష్మీదేవమ్మ ఆ పొద్దుటికి మూడోసారి అనింది.

"పొగ వద్దని నేననలేదత్తా. ఎండిన చింతకట్టె నాలుగు మొద్దులియ్యమన్నా. ఈ పచ్చితుమ్మ ఎంత ఊదినా అంటుకోదు" అంది నీలావతి, ఊదుగొట్టం పక్కన పెట్టి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

"చింతకట్టె కొత్తింటికి వాకిలి నిలబెట్టే పొద్దుకు ఎత్తిపెట్టినా. ఊరంతా భోజనాలకొస్తే అప్పుడేం పెట్టి వండుతావు, నీ ఎముకలా? మేమంతా పచ్చికట్టెతోనే వండితిమి, పిల్లల్ని సాకితిమి. మాకేం కళ్ళు పోయినాయా?"

లక్ష్మీదేవమ్మ ఎడమకంటికి పొర కమ్మి అప్పటికి రెండేళ్ళు. ఆ సంగతి ఆమెకు గుర్తుచేసే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

"అమ్మా, ఇద్దరూ రవంత గమ్మునుండండి. ఈడ ఇల్లు గీస్తాండాం" అని పడసాల్లోంచి రామాంజినేయులు గొంతు వినబడింది.

నిజంగానే ఇల్లు గీస్తున్నారు. నీలావతి ఆ తెల్లవారి పేడతో నున్నగా అలికిన నేలమీద, ఆమె పొయ్యిలోంచి తీసుకుపోయిన బొగ్గుతో. మామ తిమ్మప్ప గోడకు ఆనుకుని చూస్తున్నాడు. మరిది హనుమంతు మోచేతిమీద పడుకుని, గొడ్లకొట్టం ఇంకో రెండడుగులు జరపమంటున్నాడు. ఎర్రమంచిలో ఆ పాత మిద్దెకు ఇక కాలం చెల్లింది. రేపు తెల్లవారి బండి కట్టి హిందూపురం పోయి కలప తేవాలి. దూలాలు ఎన్ని, వాటిమీద అడ్డంగా పరిచే దంతెలు ఎంత పొడుగు, వాకిలికి టేకు ఎంత అన్నది ఈ బొగ్గుగీతలను బట్టే తేలుతుంది. కలప వచ్చిందంటే ఇల్లు వచ్చినట్టే. ఆ తర్వాత గోడ మారదు, గది మారదు.

"దీన్ని తొక్కొద్దు, అలకొద్దు" అన్నాడు రామాంజినేయులు, మంచినీళ్ళు తెచ్చిన భార్యతో. ఆమె ముఖం చూసి కాదు, చెంబు చూసి అన్నాడు.

అతనిది అడవి శాఖలో ఉద్యోగం. రెండేళ్ళ కిందట సముద్రపొడ్డుకు వేశారు. నెల్లూరు అవతల, బండిబాట కూడా సరిగా లేని ఇసుక పల్లెలు. గాలి తిరిగితే ఇసుక లేచి గుడిసెలను పూడుస్తుంది. చేపలు పడని నెలల్లో అక్కడ పనీ ఉండదు, తిండీ ఉండదు. ఆ ఇసుకలో వరసగా సరుగుడు తోటలు వేయించి, ఏ ఏడు ఏ తోట కొట్టాలి, కొట్టినచోట మళ్ళీ ఎప్పుడు నాటాలి అని ముందే ఆలోచించిపెట్టి, కాలువ పడవల్లో మద్రాసుకు వాసాలు పంపి ఆ పల్లెలకు ఒక బతుకు చూపించడం అతని పని. మంచి పనే. ఆ పని గురించి మాట్లాడేటప్పుడు అతని కళ్ళు మెరుస్తాయి. ఈ ఇంట్లో ఇంకే మాటకూ అవి అట్లా మెరవవు.

మధ్యాహ్నం ముగ్గురు మగవాళ్ళూ సంగటికి కూర్చున్నారు. నీలావతి ఎండుచేపల పులుసు పోసింది. ఆ చేపలు అతను సెలవుకు వస్తూ సముద్రపొడ్డు నుంచి తెచ్చినవే.

"ఈ చేపలిచ్చిన పోలమ్మ ఉండాదే నాయనా, ఆమె ల్యాకపోతే మా ప్లానంతా ఇసుకలో పోసిన నీళ్ళే" అన్నాడు రామాంజినేయులు. "మీటింగులో మొగోళ్ళంతా వాసాలు, పడవలు, దుడ్లు అంటాండారు. ఈమె యాడో వెనక వల కుట్టుకుంటా కూచోనుండె. లేసి అడిగె చూడు, 'అయ్యా, చెట్లన్నీ మద్రాసుకు పోతే, మా పొయ్యిలో మా కాళ్ళు పెట్టుకోమంటారా?' అని!"

"అబ్బ! నోరుండాదే" అన్నాడు హనుమంతు.

"నోరు కాదురా, తెలివి. నేను పోయి ఆమె ముందర ఇసుకలో కూచుంటి. కట్టెకు యాడికి పోతావమ్మా, ఎంతసేపు పడతాది, వానాకాలం ఏం చేస్తావు, అన్నీ అడిగితి. రెండు క్రోసులు పోతాదంట నాయనా, ఆ ఇసుకలో, ఎండలో! మాకెవరికీ తట్టనే ల్యా. ప్లాను తిరగేసినాం. పల్లె పక్కనుండే తోట ఆడోళ్ళ పొయ్యిలకే వదిలేసినాం."

"బేష్. ఆడమనిషి మాట ఇన్నావు, మంచి పని చేసినావు" అన్నాడు తిమ్మప్ప.

"నీలా, ఇంకో ముక్క వెయ్యి. పోలమ్మ చేప. ఆ రుచే వేరు."

నీలావతి వేసింది. ఉప్పు కడిగింది తను, ముళ్ళు ఏరింది తను, చింతపండు పిసికింది తను, పచ్చితుమ్మ ముందు వంగి ఊది ఊది ఉడికించింది తను. రుచి మాత్రం పోలమ్మది. గుండెలో ఎక్కడో సన్నగా మంట లేచింది. ఆ మంటకు ఊదుగొట్టం అక్కర్లేకపోయింది. వంటింట్లోకి వచ్చి, ఆ పులుసు తను తినలేక, మజ్జిగ పోసుకుని సంగటి మింగింది. పోలమ్మ ఎట్లా ఉంటుందో ఆమెకు మనసులో కనబడసాగింది. నల్లగా, నిటారుగా, తడిచీర మోకాళ్ళ పైకి చెక్కి, గాలికి ఎగిరే జుట్టుతో. నవ్వితే పళ్ళు తెల్లగా ఉంటాయేమో. మొగుడు లేడేమో. ఇసుకలో ఇతను, ఎదురుగా ఆమె, మధ్యలో వల. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషి తన ముందు ఎప్పుడైనా నేలమీద కూర్చున్నాడా? వంటింటి గడప లోపలికి ఎప్పుడైనా వచ్చాడా? గడపమీద నిలబడి 'అయిందా?' అనడం తప్ప ఏమైనా అడిగాడా? పెళ్ళయిన మరుసటేడు ఊళ్ళో దొంగలు పడ్డారని మామ వంటింటి కప్పులో ఉన్న గవాచిని బండతో మూయించాడు. పొగ పోయే దారి అదొక్కటే. గవాచిలోంచి దొంగ దిగుతాడన్నారు. దొంగ దిగలేదు గానీ, ఆనాటి నుంచి పొగంతా ఆమె గొంతులోకి దిగుతూనే ఉంది. ఆ రోజు కొత్తకోడలు భయపడుతూనే అడిగింది, "పొగ యాడికి పోవల్ల?" అని. దానికి మామ అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "నిన్నెవరడిగినారు?" కోపంగా కూడా అనలేదు. ఈగను తోలినట్టు అన్నాడు.

సాయంత్రం అతను నులకమంచం మీద ఒక్కడే ఉన్నప్పుడు కాఫీ తీసుకుపోయింది. అడగకూడదనుకుంటూనే అడిగింది.

"ఆ పోలమ్మకు వయసెంత?"

రామాంజినేయులు ఆమె వంక చూసి పకపకా నవ్వాడు. "ఏందే, కుళ్ళా? మా అమ్మ ఈడు ఉంటాది. ముందర పండ్లే ల్యావు."

"తెల్లగుంటాదా, నల్లగుంటాదా?"

"ఏమో, యాడ చూస్తి! ఆమె మాటలు ఇంటాంటి."

నీలావతి గ్లాసు అతని చేతికిచ్చి లోపలికి వచ్చేసింది. అంతసేపూ పట్టుకున్న మంట చల్లారాల్సింది. చల్లారలేదు. ఇంకా లోతుకు దిగింది. అతను ఆ మనిషి అందం చూసి ఉంటే దానికి మందుండేది. ఏడ్చేది, అలిగేది, పుట్టినూరు రొళ్ళకు పోయి నాలుగు రోజులు కూర్చునేది. అవన్నీ ఆడది ఎరిగిన దారులు. కానీ అతను పళ్ళు లేని ముసలామెను చూడనే లేదు, విన్నాడు. చెప్పిన మాటకు ప్లానే మార్చాడు. ముసలామె రెండు క్రోసులు నడుస్తుందని తెలిసి అతని ప్రాణం విలవిల్లాడింది. ఈ ఇంటి పొయ్యిలోకి కట్టె ఎక్కడినుంచి వస్తుందో అతనికి తెలుసా? తుమ్మకంప కొట్టేదెవరు, కందికట్టె మోపు తెచ్చేదెవరు, ముసురుపట్టిన రోజుల్లో మంచం కింద కట్టె ఆరబెట్టేదెవరు? ఈర్ష్యపడడానికి కూడా ఒక అంతస్తు ఉండాలంటారు. తను పడుతున్నది సవతిమీద కాదు. ఒక ప్రశ్నమీద. ఎవరికో దొరికి తనకు దొరకని ప్రశ్నమీద. దీన్ని ఎవరితో చెప్పుకుంటే నవ్వరు?

పొద్దుగూకే వేళకు వడ్రంగి పోతులయ్య వచ్చాడు. రేపు కలప ఎంచడానికి అతనూ బండిలో పోతాడు. పడసాల్లో బొగ్గుగీతల చుట్టూ మళ్ళీ అందరూ చేరారు. లాంతరు తెచ్చిన నీలావతి అక్కడే నిలబడిపోయింది. పెద్ద వాకిలి, పడసాల, రెండు గదులు, ధాన్యం గది, గొడ్లకొట్టం. పడమటి మూల బొటనవేలంత చోటు. అదే వంటిల్లు.

"వంటింటి మీద మిద్దెగది లేపుతాం పోతులన్నా" అంటున్నాడు రామాంజినేయులు. "మా ఆఫీసర్లు ఈ పక్కకొస్తే దిగేదానికి. గాలి బాగా తోలుతాది."

నీలావతి గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. "పైన గది లేపితే, వంటింటికి గవాచి యాడ పెడతారు?"

పోతులయ్య తలెత్తాడు. మిగతా వాళ్ళు ఎత్తలేదు.

"గవాచి పెడితే పైగదిలో పొగే కదమ్మా. ఆఫీసర్లు దగ్గుకుంటా పండుకోవల్లా?" అన్నాడు తిమ్మప్ప.

"వదినకు పొగ పడకపోతే ఎట్ల? పొగుంటే కాటుక ఖర్చు ఉండదు" అన్నాడు హనుమంతు. తన జోకుకు తనే నవ్వాడు.

ఆమె భర్త వంక చూసింది. సముద్రపొడ్డున ఇసుకలో కూర్చున్న మనిషి వంక. అతను బొగ్గుతో మిద్దెగదికి మెట్లు గీస్తున్నాడు.

"కిటికీలోంచి పోతాదిలే. నిన్నెవరడిగినారు, పోయి అన్నం చూడు" అన్నాడు.

అదే మాట. ఇన్నేళ్ళలో ఒక్క అక్షరం అరగలేదు. కానీ ఈసారి ఆమెకు ఆ మాటలో మునుపెన్నడూ తెలియని అర్థం ఒకటి తెలిసింది. అవును, నన్నెవరూ అడగలేదు. అడగడం తెలియక కాదు. తెలుసు, చక్కగా తెలుసు. అక్కడ అడిగివచ్చాడు. ఆమె మెల్లగా వంటింట్లోకి పోయి అన్నం చూసింది. అన్నం ఉడికింది. వార్చింది. గంజి పక్కన పెట్టింది. చేతులు ఎప్పటిలాగే పనిచేశాయి.

తెల్లవారింది. హనుమంతు ఎద్దులను బండికి కట్టాడు. పోతులయ్య కొలబద్ద చంకన పెట్టుకుని వచ్చాడు. తిమ్మప్ప తలగుడ్డ చుట్టుకున్నాడు. దారిలోకి సద్దిమూట లక్ష్మీదేవమ్మ చేతిలో ఉంది. బయల్దేరేముందు ఒకసారి కొలతలు సరిచూసుకుందామని రామాంజినేయులు పడసాల్లోకి వచ్చి, ఆగిపోయాడు.

ఒక మూల నేల పచ్చిగా, పేడవాసన కొడుతూ ఉంది. పెద్ద వాకిలి ఉంది. గదులున్నాయి. గొడ్లకొట్టం ఉంది. ఏ గీతా చెదరలేదు. పడమటి మూల మాత్రం అరచేతులు తిప్పిన గుర్తులు తప్ప ఏమీ లేదు. వంటిల్లు లేదు, దాని మీద గది లేదు, ఆ గది మెట్లు లేవు.

"ఏమే! అలకొద్దని చెప్పలేదా నీకు?" అన్నాడు.

నీలావతి అలుకుగుడ్డ పిండి గోడమీద ఆరేసింది. "మీదంతా ముట్టుకోల్యా. వంటిల్లు ఒక్కటే అలికినా."

"వంటిల్లు ల్యాకుండా ఇల్లెట్ల కడతారే, పిచ్చి ముండా!" అంది లక్ష్మీదేవమ్మ.

"అదే నేనూ అనుకుంటి అత్తా."

బయట ఎద్దు మెడగంట ఒకసారి మోగింది. పోతులయ్య కొలబద్దను గోడకు ఆనించి, తలుపు పక్కన గొంతుక్కూర్చున్నాడు. హనుమంతు ఏదో హాస్యానికి నోరు తెరిచి, అన్న ముఖం చూసి మూసుకున్నాడు.

రామాంజినేయులు బండి వంక చూశాడు, పొద్దు వంక చూశాడు. "సరే, చెప్పు బిరీన. ఏం కావల్ల నీకు?" అన్నాడు, నిలబడే.

ఎన్నేళ్ళో ఎదురుచూసిన ప్రశ్న. వచ్చింది గానీ, చెప్పులేసుకుని వచ్చింది. వాకిట్లో బిచ్చానికి వచ్చినవాడిని అడిగినట్టు వచ్చింది. నీలావతికి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. రాత్రంతా నిద్రపోనివ్వని ఈర్ష్య ఒకచోట కుదురుగా కూర్చున్నట్టనిపించింది. ఆమె ముందు అత్త వైపు తిరిగింది, ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా.

"అత్తా, గవాచి ల్యాని ఇంట్లో నేను పొయ్యి అంటియ్యను. ఇల్లు మీ ఇష్టమొచ్చినంత పెద్దగా కట్టుకోండి. వాకిలికి పసుపు పూస్తా, ముగ్గేస్తా, గొడ్లకు కుడితి పెడతా. పొయ్యి మటుకు అంటియ్యను. మామా, నువ్వూ ఇను. హనుమంతూ, నువ్వు కూడా."

లక్ష్మీదేవమ్మ సద్దిమూట కింద పెట్టింది. పొర కమ్మిన కన్ను కొంగు చివరతో ఒత్తుకుంది. 'నిన్నెవరడిగినారు' అనే మాట ఆమె నోటి నుంచి వస్తుందని అందరూ చూశారు. రాలేదు.

పెద్దల ముందు మొగుణ్ణి ముఖాముఖి పలకరించడం ఆ ఇంటి కోడళ్ళకు అలవాటు లేదు. నీలావతి భర్త కళ్ళలోకి చూసింది.

"నన్ను అడగాలనుంటే ఈడ నిలబడుకోని అడగద్దు. లోపల పచ్చితుమ్మ మండతాండాది. వచ్చి ఆ పొయ్యి ముందర కూచో. పోలమ్మను ఎట్లడిగితివో అట్లడుగు, చెప్తా. అంతవరకు ఆ ఎద్దుల్ని ఇప్పి కట్టెయ్యమను."