ఏరు దూరంగా ఉంది

అత్తయ్యకి దుప్పటి మార్చాలంటే ముందు ఆవిణ్ణి గోడవైపు తిప్పాలి. ఆ రోజు అలా తిప్పి పాత దుప్పటి లాగుతూ, "గోడమీద నా బొమ్మకి చెయ్యి తగలనీకండత్తయ్యా, రంగింకా పచ్చిగా ఉంది" అన్నాను.

ఆయిల్ రంగులు ఆరడానికి వారాలు పడుతుంది. ఇంట్లో ఇంకే గోడకి తగిలించినా ఎవరో ఒకరి భుజం రాసుకుంటుంది. పైగా టర్పెంటైన్ వాసనకి మా ఆయన, "ఇది ఇల్లా, పెట్రోలు బంకా?" అంటారు. అత్తయ్య గదిలో పెట్టుకోమన్నది కూడా ఆయనే, ఆవిడకి వాసనలు తెలియవు కదా అని.

బొమ్మలో ఉన్నది మా ఊరి చివర ఏటి మలుపు. స్కూల్లో లెక్కలు చెప్పి ఇంటికొచ్చేటప్పుడు, బస్సు వంతెన దాటే కాసేపు కనబడుతుంది. కూరగాయల సంచి ఒళ్లో పెట్టుకుని, దానిమీద దిద్దాల్సిన పేపర్లు పెట్టుకుని, ఏళ్ల తరబడి ఆ మలుపునే చూశాను. పొద్దువాలేటప్పుడు రెల్లు వెనక నీళ్లమీద ఒక వెలుగు పరుచుకుంటుంది. అది చూసినప్పుడల్లా నా లోపల ఎవరో దణ్ణం పెడతారు. దేవుడి ముందు కూర్చుంటే మాత్రం కుక్కర్ కూతలు లెక్కపెట్టుకోవడమే సరిపోతుంది. ఆ వెలుగు కోసం పసుపులో తెలుపు కలిపి, పూసి, గీకేసి, మళ్లీ పూసి, ఎన్నో ఆదివారాలు పోగొట్టుకున్నాను. దొరకలేదు.

బొమ్మలు కూడు పెడతాయా అని ఒకప్పుడు దెప్పిన మనిషే అత్తయ్య. ఇప్పుడు బొమ్మని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూసింది. తర్వాత, "మన ఏరేగా. ఎక్కడ కూర్చుని వేశావు?" అంది.

"కూర్చోలేదత్తయ్యా. బస్సులోంచి చూడ్డమే."

"అందుకే దూరంగా ఉంది."

కాపురానికొచ్చిన కొత్తలో ఇంటిల్లిపాది బట్టలూ అక్కడికే మోసుకెళ్లేదట. ఉతికి ఆరేశాక, అవి ఆరేదాకా ఒడ్డున కూర్చునేదట. అక్కడ పిలిచేవాళ్లు లేరు, వడ్డించమనేవాళ్లు లేరు. "నీళ్లవంక చూస్తుంటే నేనెవరి కోడలినో కూడా మర్చిపోయేదాన్ని. దేవుడంటే ఇదేనేమో అనిపించేది. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు" అంది. ఆ తర్వాత మామయ్య ఇంట్లో కుళాయి వేయించారు. ఎంత అదృష్టవంతురాలివే అన్నారట అందరూ. "నాకు కన్నీళ్లాగలేదు. సంతోషమనుకున్నారు."

దుప్పటి నా చేతిలో అలాగే ఉండిపోయింది. ఉప్పెక్కువైందనీ, ఆలస్యమైందనీ ఒకే కప్పు కింద ఎన్ని మాటలనుకున్నాం. ఈ ఒక్క మాట మా మధ్యకి రావడానికి ఆవిడ మంచాన పడాల్సొచ్చింది.

"ఒకసారి తీసుకెళ్తావా?" అని అడిగింది.

సాయంత్రం ఆయనతో చెప్పాను. కారు మాట్లాడదాం, చక్రాల కుర్చీ అద్దెకి దొరుకుతుంది అన్నాను. మంచం దిగలేని మనిషికి ఏటి షికారా, నలుగురూ నవ్విపోతారన్నారు. మళ్లీ అడిగితే వానలు తగ్గనీ అన్నారు. తర్వాత ఆఫీసులో ఆడిట్ అవనీ అన్నారు, ఆ తర్వాత ఎండలు తగ్గనీ అన్నారు. అత్తయ్య మాత్రం నన్ను ఇంకోసారి అడగలేదు. గోడవైపు తిప్పమనేది, అంతే. ఎండలు తగ్గకముందే పోయింది.

పలకరించడానికొచ్చిన బంధువులతో ఆయన, "అమ్మకి ఏ లోటూ రానివ్వలేదు. కాలు కింద పెట్టనివ్వలేదు" అంటుంటే అందరూ తలలూపారు. కాఫీ కప్పులతో గుమ్మంలోనే ఆగిపోయాను. ఆయన అబద్ధమాడటం లేదు. నిజంగానే అలా నమ్ముతున్నారు. అందుకే మరీ దిగులేసింది. నా గురించి కూడా ఒకరోజు ఇలాగే, ఇంత ప్రేమగానే చెబుతారు.

వాళ్లంతా వెళ్లాక ఎంగిలి కప్పులు సింకులో వదిలేశాను. రేపు స్కూలు నుంచి తిన్నగా ఇంటికి రాననీ, రంగులు పట్టుకెళ్లి వంతెన దగ్గర దిగిపోతాననీ ఆయనతో చెప్పాను.

ఆయన ఫోన్లోంచి తలెత్తారు. "ఎన్నింటికొస్తావు?"

తెలియదన్నాను.