మేనత్తకి రాయని రూలు

మా ఆయనకి అక్క ఉంది. ఈ ఒక్క ముక్క చెబితే చాలు, టోంగాలో ఏ ఆడదైనా నా చెయ్యి పట్టుకుని "అయ్యో తల్లీ" అంటుంది. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు గానీ, మా దీవిలో మొగుడికే మొగుడు. తమ్ముడి పిల్లలకి మేనత్త మాటే శాసనం. ఆవిడ పెట్టింది కాదనడం అంటే చర్చిలో నిలబడి పాస్టరుని తిట్టడం కిందే లెక్క. మా ఆయన సోసయా అక్క ఎదుట గొంతెత్తి ఎరగడు. ఆవిడ లోపలికొస్తే ఈయన బయటికి పోతాడు, అదే మర్యాద.

ఫానె వదిన చెడ్డదైతే నాకింత కష్టం ఉండేది కాదు. ఆవిడకి పిల్లల్లేరు. ఉన్న ప్రేమంతా మా అమ్మాయి లూపె మీదే. ప్రతి శుక్రవారం కుంటుకుంటూ వచ్చేది, సంచిలో రెండు పెద్ద సీసాల కూల్‌డ్రింకు, క్రీము బిస్కెట్లు, కొవ్వు కారే గొర్రె మాంసం. కుంటు ఎందుకంటే ఎడమ కాలికి రెండు వేళ్ళు లేవు. చక్కెర జబ్బు తినేసింది. వాళ్ళమ్మ కూడా ఆ జబ్బుతోనే పోయింది.

మార్చిలో బడికి నర్సు వచ్చి పిల్లలందరి వేళ్ళూ గుచ్చింది. మర్నాడు నన్ను పిలిపించింది.

"లూపెకి చక్కెర గీత దాకా వచ్చింది. ఇంకా జబ్బు కాదు. తిండి మారిస్తే తగ్గుతుంది, మూడు నెలల తర్వాత మళ్ళీ చూస్తాను. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?"

"ఎవరికి లేదో అడుగమ్మా" అన్నాను.

తొమ్మిదేళ్ళ పిల్ల. దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను. సంతలో రోజంతా చేమదుంపలూ, పెండలమూ, బొప్పాయిలూ అమ్మేది నేనే. అలిసిపోయి ఇంటికి నూడుల్స్ పొట్లాలు కొనుక్కెళ్ళేదీ నేనే.

ఆ సాయంత్రం చర్చి క్యాలెండరు వెనక రూల్స్ రాసి గోడకి అంటించాను. దాహమేస్తే నీళ్ళే. నూడుల్స్ ఇంటికి రావు. ముందు చేమాకు కూర, చేప, తర్వాతే దుంప. తీపి పుట్టినరోజుకే. చివర పెద్ద అక్షరాలతో, ఎవరు పెట్టినా ఇదే రూలు.

సోసయా చదివి తల గోక్కున్నాడు. "ఎవరు పెట్టినా అంటే... ఎవరు?"

"ఎవరైనా."

"మా అక్కకి చెప్పావా?"

"నువ్వు చెప్పు."

"నేనా?" అన్నాడు, పందుల మేత చూడాలని గుర్తొచ్చినట్టు లేచిపోయాడు.

నర్సు చెప్పిన సంగతి వదినతో చెప్పడానికి నాకూ నోరు రాలేదు. చెబితే నీ వల్లే అన్నట్టుంటుంది. అందుకని తెలివి ఒలకబోశాను. లూపెని కూర్చోబెట్టి, అత్త ఏం పోసినా "వద్దు, అమ్మ రూలు" అనమని నేర్పాను. పెద్దదాన్ని నేను అనలేని మాట పిల్లతో అనిపించాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

శుక్రవారం వదిన గ్లాసు నింపి చాపింది. లూపె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"వద్దత్తా. అమ్మ రూలు."

వదిన గోడ మీది కాయితం కేసి చూసింది. ఆఖరి వరస రెండుసార్లు చదివింది.

"ఆ ఎవరులో నేను కూడానా, ఆకనేసీ?"

నేను పొయ్యి కేసి తిరిగి మంట ఊదాను. వదిన సీసాలు సంచిలో పెట్టుకుని లేచింది. లూపె వెంటపడి "మళ్ళీ ఎప్పుడొస్తావత్తా?" అంటే తల నిమిరి గేటు దాటింది.

రెండు శుక్రవారాలు రాలేదు. లూపె గేటు దగ్గర కూర్చుని చీకటి పడబోతుంటే లోపలికొచ్చేది. తిండి సరిగ్గా తినేది కాదు. తినడం నేర్పబోయి నేను సాధించింది అది.

మూడో గురువారం నడుముకి పాత చాప చుట్టుకుని వెళ్ళి వదిన గుమ్మం ముందు నేల మీద కూర్చున్నాను. మాకు తప్పు ఒప్పుకునే పద్ధతి అదే, చావింటికి వెళ్ళినా అలాగే చుట్టుకుంటాం. వదిన తొంగి చూసింది.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు వదినా. తప్పైపోయింది, క్షమించు."

"బుట్టలో ఏంటవి?"

"బొప్పాయిలు. చేమాకు."

"ఇంత పెద్ద తప్పుకి బొప్పాయిలా? మీ పుట్టింటివాళ్ళకి పందులు లేవూ?"

"పంది నీ కాలికి మంచిది కాదని."

వదిన పెదవి కదిలింది, నవ్వు ఆపుకుంది. గుమ్మంలో కుర్చీ లాక్కుని కూర్చుంది. "నాకు మొగుడు లేడు, బిడ్డ లేదు. ఖాళీ చేతుల్తో తమ్ముడి గడప ఎలా తొక్కమంటావే? ఏం తేవాలో అడిగితే తెచ్చేదాన్ని. నువ్వు అడగలేదు, పిల్ల చేత కొట్టించావు."

అప్పుడు చెప్పాను. నర్సు మాట, గీత, మూడు నెలలు, అన్నీ. వదిన కాలి పుండుకి కట్టిన గుడ్డ కేసి చూసుకుంది.

"నా సీసాల వల్లేనా?"

"నా నూడుల్స్ వల్ల కూడా. మనందరి వల్లా."

"ఇది ముందే చెప్పాల్సింది, పిచ్చిదానా. నా కాలు చూస్తే నీకు భయమైతే నాకు కాదనుకున్నావా?" అంది. ఇద్దరం ఏడ్చాం.

ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికొచ్చింది, చేతిలో ఖాళీ గోనె. మేనత్త తమ్ముడి ఇంట్లో ఏది కావాలన్నా తీసుకుపోవచ్చు, అడగక్కర్లేదు. పెళ్ళిళ్ళకీ చావులకీ చాపలు తీసుకెళ్ళినట్టే ఆవేళ మా వంటగది తీసుకుంది. చక్కెర డబ్బా, బిస్కెట్లు, సోసయా దాచుకున్న ఆరు మాంసం డబ్బాలు. కుట్టుమిషను సొరుగులో నేను దాచుకున్న తీపిపాల డబ్బా కూడా. అది ఎలా పసిగట్టిందో దేవుడికే తెలియాలి.

"అది నాది వదినా" అన్నాను.

"ఇప్పుడు నాది."

సోసయా బయట మెట్టు మీద కూర్చుని తన డబ్బాలు గోనెలో పడే చప్పుడు వింటున్నాడు. నోరెత్తితే ఒట్టు.

వదిన లూపెని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "ఈ పూట నుంచి ఇది మీ అమ్మ రూలు కాదు, నాది. ఈ సరుకు ఇంట్లోకి రాదు. శుక్రవారం చేప తెస్తాను. తెలిసిందా?"

లూపె ఆలోచించింది. "మరి నువ్వో?"

"నేనేంటి?"

"నువ్వూ మానెయ్యాలి. లేకపోతే నేను మానను."

మేనత్తకి షరతు పెట్టిన పిల్లని మా ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. నేను దాని నోరు మూయబోయాను. మెట్టు మీద దగ్గు వినిపించింది.

"డాక్టరు చెప్పాడు, పాస్టరు చెప్పాడు" అంది వదిన. "మానకపోతే చస్తావన్నారు. చావంటే నాకు భయం లేదే."

"చావు కాదు. మిగతా వేళ్ళు కూడా పోతే మా ఇంటి దాకా ఎలా నడుస్తావు?"

వదిన నా వైపు తిరిగింది. "నీళ్ళు తే, ఆకనేసీ. ఇద్దరికీ."

జూన్‌లో నర్సు మళ్ళీ వచ్చింది. బడి వరండాలో పిల్లల వరసలో, లూపె వెనక అరవై రెండేళ్ళ ఫానె వదిన నిలబడింది, మంచి గౌను వేసుకుని. లూపె అంకె గీతకి బాగా కిందికి దిగింది. తర్వాత వదిన వేలు చాపింది. ఆ అంకె చూసి నర్సు మొహం చిట్లించింది.

"ఇంత చక్కెర పెట్టుకుని ఇన్నేళ్ళూ ఏం చేస్తున్నావమ్మా?"

వదిన తల దించుకుంది. ఆవిడ ఎవరి ముందైనా తల దించుకోవడం నేను అంతకు ముందు చూడలేదు. లూపె అత్త చెయ్యి పట్టుకుని నర్సుకి అడ్డం వచ్చింది.

"మా అత్తని తిట్టకు" అంది. "తను ఇప్పుడే మొదలుపెట్టింది."